మన డేటాకు పట్టా కావాలా?

ఇంటర్నెట్‌లో పేరుకుపోతున్న మన వ్యక్తిగత సమాచారానికి యజమాని ఎవరు? మన ఫోన్ నంబరు, మన జబ్బు, మన జీతం, తిరిగిన చోట్లు, మాట్లాడిన మనుషులు... వీటి మీద మనకు ఆస్తి హక్కు రాసిచ్చేస్తే గొడవ తీరిపోతుందని కొందరంటారు. ఆస్తిగా చూడటం మొదలుపెడితే అసలుకే మోసం వస్తుందని ఇంకొందరంటారు. ఈ రెండు పక్షాలనూ ఇద్దరి నోట వినిపిస్తున్నాను. ఒకరు గుంటూరు జిల్లాలో డిప్యూటీ తహసీల్దారుగా చేసి రిటైరైన పెద్దాయన. భూమి తగాదాలు చూసీ చూసీ, హక్కుదారు పేరు రికార్డుకెక్కితే తప్ప ఎక్కడా న్యాయం జరగదని నమ్మే మనిషి. రెండోవారు ఆయన అన్నగారి కూతురు, హైదరాబాద్‌లో హైకోర్టు న్యాయవాది.

తహసీల్దారు: మొన్న మందుల షాపులో బీపీ మాత్రలు కొన్నానమ్మా. డబ్బులిచ్చాక కౌంటర్లో కుర్రాడు ఫోన్ నంబరు చెప్పమన్నాడు. ఎందుకయ్యా అంటే, నంబరు కొట్టకపోతే బిల్లు రాదన్నాడు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు, చెప్పేశాను. రెండు రోజులు తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. ఇంటికొచ్చి రక్తపరీక్ష చేస్తామని ఒకరు, గుండెజబ్బుకు మంచి పాలసీ ఉందని ఒకరు. నాకు బీపీ ఉన్న సంగతి మా తోడల్లుడికి కూడా తెలియదు. నా వస్తువును ఎవరో అమ్ముకు తిన్నారు. అమ్ముకునే హక్కు వాళ్లకెవరిచ్చారు?

న్యాయవాది: ఆ నంబరు ఏ దారిన బయటికి పోయిందో రుజువు చేయడం కష్టం బాబాయ్. కానీ అసలు మీరు చెప్పక్కర్లేదు. కొనుగోలుదారులను ఫోన్ నంబరు కోసం బలవంతపెట్టొద్దని 2023 మే నెలలోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకు సూచించింది. షెడ్యూల్ హెచ్‌1 మందులైతే వేరు. వాటికి రోగి పేరు, డాక్టరు పేరు, మందు పేరు, ఎంత ఇచ్చారన్నదీ షాపువాళ్లు రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. చిక్కంతా అక్కడే ఉంది. ఆ రిజిస్టర్లో జబ్బు మీది. రాసింది షాపువాళ్లు. దాచమన్నది ప్రభుత్వం. మందు రాసిన డాక్టరు పేరూ అందులోనే ఉంది. ఆ ఒక్క వరుసకు యజమాని ఎవరంటారు?

తహసీల్దారు: రోగి. ఇందులో చిక్కేముంది? అడంగల్ రాసేది వీఆర్వో. రాసినంత మాత్రాన పొలం వీఆర్వోది అయిపోతుందా? ఉద్యోగమంతా రెవెన్యూలో చేసినవాణ్ణి, పట్టా లేని భూమి గతి ఏమవుతుందో నాకు తెలుసు. ముందొచ్చినవాడు కంచె వేస్తాడు. బలమున్నవాడు దున్నుకుంటాడు. అసలు అనుభవంలో ఉన్న పేదవాడు ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. ఇంటర్నెట్‌లో ఇప్పుడు జరుగుతున్నది ఇదే. కంపెనీలు ముందొచ్చి కంచెలు వేసుకున్నాయి. కాబట్టి నేననేది ఒక్కటే. ప్రతి మనిషికీ తన డేటా మీద పట్టా ఇవ్వండి. వాడుకోవాలంటే కౌలు కట్టమనండి. దొంగతనంగా దున్నితే కేసు పెట్టండి.

న్యాయవాది: పొలానికి హద్దురాళ్లు ఉంటాయి. మీ సర్వే నంబరు ఎక్కడ ముగుస్తుందో, పక్కవాళ్లది ఎక్కడ మొదలవుతుందో కొలిచి చెప్పొచ్చు. డేటాకు ఆ హద్దు గీయలేం బాబాయ్. 2020 చివర్లో హైదరాబాద్‌ను కుదిపేసిన లోన్ యాప్‌ల కేసులు గుర్తున్నాయా? ఐదు వేలో, పది వేలో అప్పు కావాలంటే ముందు ఫోన్‌లోని కాంటాక్ట్ లిస్టు చూడ్డానికి అనుమతి ఇవ్వమనేవాళ్లు. అవసరంలో ఉన్నవాళ్లు ‘అలో’ నొక్కేవాళ్లు. వాయిదా తప్పిందంటే ఆ లిస్టులో ఉన్న అత్తగారికి, ఆఫీసు మేనేజరుకు, పాలు పోసే ఆవిడకు కూడా ‘ఈ మనిషి మోసగాడు’ అంటూ ఫోటోతో సహా మెసేజీలు వెళ్లేవి. ఆ అవమానం భరించలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఇప్పుడు చెప్పండి. ఆ కాంటాక్ట్ లిస్టు ఎవరి ఆస్తి? అప్పు తీసుకున్నవాడిదా? అందులో ఉన్న పాలావిడ నంబరు పాలావిడది కాదా? ఆవిడ ఎక్కడ ‘అలో’ నొక్కింది?

తహసీల్దారు: ఉమ్మడి ఆస్తి అనుకో. ఉమ్మడి ఆస్తిని ఒక వాటాదారు తన ఒక్కడి సంతకంతో అమ్మితే మిగిలినవాళ్ల వాటాకు అది చెల్లదు. ఇక్కడా అదే రూలు పెట్టొచ్చు.

న్యాయవాది: నాలుగు వందల నంబర్లున్న ఫోన్‌కు నాలుగు వందల సంతకాలు ఎవరు తెస్తారు? అందుకే రిజర్వు బ్యాంకు ఆ దారిన వెళ్లలేదు. 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, అప్పిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్ట్ లిస్టును, కాల్ లాగ్‌ను, ఫోటోలూ ఫైళ్లనూ ముట్టుకోకూడదని చెప్పేసింది. యజమాని ఎవరన్న విచారణే పెట్టుకోలేదు. అప్పు తీసుకునే మనిషి ఒప్పుకున్నా సరే, ఆ పని చేయొద్దంది.

తహసీల్దారు: అది ఫోన్ నంబర్ల సంగతి. నా రక్తం, నా శరీరం గురించిన సమాచారం పూర్తిగా నాదే కదా?

న్యాయవాది: అదీ కాదు. అమెరికాలో ట్వంటీత్రీ అండ్ మి అనే కంపెనీ ఉమ్మి నమూనా తీసుకుని డీఎన్‌ఏ పరీక్ష చేసి పెట్టేది. 2023లో హ్యాకర్లు సుమారు 14 వేల ఖాతాల్లోకే నేరుగా చొరబడ్డారు. కానీ రక్తసంబంధీకులను వెతికిపెట్టే సదుపాయం అందులో ఉండటంతో, ఆ దారిన 69 లక్షల మంది వివరాలు వాళ్ల చేతికి చిక్కాయి. ఒకరి డీఎన్‌ఏ అంటే అందులో తల్లి సగం, తండ్రి సగం, పుట్టబోయే పిల్లలు కూడా ఉన్నారు. అక్కడున్న మన తెలుగు కుర్రాడెవరైనా ఆ పరీక్ష చేయించుకుని ఉంటే, తెనాలిలో ఉన్న మేనత్త వివరం కూడా కొంత అక్కడికి చేరినట్టే. తరవాత కథ ఇంకా వినదగ్గది. ఆ కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. దాదాపు కోటిన్నర మంది డీఎన్‌ఏ వివరాలు కంపెనీ ఆస్తుల లెక్కలో కలిసి వేలానికి వచ్చాయి. చివరికి సంస్థ వ్యవస్థాపకురాలి ఆధ్వర్యంలోని లాభాపేక్ష లేని సంస్థే 30.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. వేరే ఎవరైనా కొని ఉంటే? ఆస్తి అన్నాక అప్పులవాళ్లకు జప్తు అవుతుంది, చేతులు మారుతుంది. మీరు అడుగుతున్న పట్టాలో ఆ ప్రమాదం కూడా ఉంది.

తహసీల్దారు: నువ్వు చెప్పేవన్నీ అమ్మకం వల్ల వచ్చే ప్రమాదాలు. కానీ అమ్మకం ఇప్పుడు ఆగిందా? 2023 ఏప్రిల్‌లో సైబరాబాద్ పోలీసులు ఫరీదాబాద్ మనిషినొకణ్ణి పట్టుకుని, 24 రాష్ట్రాలకు చెందిన 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల వివరాలు వాడి దగ్గర దొరికాయని ప్రకటించారు. బజారు నడుస్తూనే ఉంది. సరుకు మనది, బేరం వాళ్లది, డబ్బు వాళ్లది. ఆ బజారులో లేనిది అసలు హక్కుదారు ఒక్కడే. వాణ్ణి కూర్చోబెట్టి ధర అడగనివ్వమంటే నువ్వు అడ్డం పడుతున్నావు. ఉచితంగా పోతున్నదానికి నాలుగు రూపాయలు వస్తే పేదవాడికి నష్టమేమిటి?

న్యాయవాది: ఆ నాలుగు రూపాయల బేరం ఎలా ఉంటుందో కెన్యాలో కళ్లారా చూశారు. 2023 జులై చివర్లో వరల్డ్‌కాయిన్ అనే ప్రాజెక్టు నైరోబీలో శిబిరాలు పెట్టింది. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐకి అధిపతి అయిన శామ్ ఆల్ట్‌మన్ దాన్ని స్థాపించినవాళ్లలో ఒకరు. బంతిలాంటి గుండ్రటి లోహపు యంత్రం ముందు నిలబడి కనుపాప స్కాన్ చేయించుకుంటే కొన్ని క్రిప్టో టోకెన్లు ఇచ్చారు. అక్కడి డబ్బులో దాదాపు 7,000 షిల్లింగులు. జనం బారులు తీరారు. ఆగస్టు మొదట్లోనే ప్రభుత్వం ఆపించింది. డబ్బు ఆశ చూపి తీసుకున్న సమ్మతి సమ్మతే కాదని, ఆ స్కాన్లన్నీ చెరిపేయాలని 2025 మేలో అక్కడి హైకోర్టు తీర్పిచ్చింది. ఆ వరుసలో నిలబడ్డవాళ్లు కలిగినవాళ్లు కాదు బాబాయ్. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. కనుపాప మార్చుకోలేం. ఒక నెల ఖర్చులకు జన్మంతా ఉండే గుర్తును ఇచ్చేసుకోవడం మంచి బేరమేనా?

తహసీల్దారు: బేరం చెడ్డదైతే ధర పెంచమను. బేరమే వద్దంటే ఎలా?

న్యాయవాది: మీ శాఖ చట్టమే చెబుతాను. 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఎందుకు తెచ్చారు? ప్రభుత్వం పేదవాడికి ఎకరమో, అరెకరమో ఇస్తే, పెళ్లికో ఆసుపత్రికో డబ్బు కావాల్సివచ్చి పెద్దరైతుకు కారుచౌకగా రాసిచ్చేస్తున్నాడనే కదా? బేరం సమానుల మధ్య జరగదని తెలిసే, దున్నుకో, పిల్లలకు ఇచ్చుకో, అమ్మకు అన్నారు. మనకూ ఒక పెద్ద టెక్ కంపెనీకీ మధ్య ఉన్న దూరం, ఆ పేదవాడికీ పెద్దరైతుకూ మధ్య ఉన్నదానికంటే ఎంతో ఎక్కువ. డేటా మీద మనకుండాల్సింది జిరాయితీ పట్టా కాదు. అసైన్డ్ భూమి మీద ఉన్నలాంటి హక్కు. అనుభవించొచ్చు, ఒకరికి వాడుకోవడానికి ఇవ్వొచ్చు, కానీ పూర్తిగా వదులుకోవడానికి వీల్లేదు.

తహసీల్దారు: ఆ చట్టం అమలు చేసినవాణ్ణి నేను. అమ్మొద్దంటే ఆగారనుకుంటున్నావా? తెల్లకాగితం మీద రాసుకుని అమ్మారు. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఇంకా తక్కువకు అమ్మారు. అవసరంలో ఉన్నవాడికి నిషేధం అన్నం పెట్టదమ్మా. అందుకే 2023లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం సవరించి, భూమి పొంది ఇరవై ఏళ్లు దాటినవాళ్లకు అమ్ముకునే హక్కు ఇచ్చారు. నీ నిషేధం కూడా అంతే అవుతుంది. చాటుగా అమ్మకాలు సాగుతాయి, ధర పడిపోతుంది.

న్యాయవాది: తెల్లకాగితం మీద అమ్మినా ఆ భూమి వెనక్కి వచ్చే దారి ఆ చట్టంలో ఉంది కదా? కొన్నవాణ్ణి ఖాళీ చేయించి, అసలు లబ్ధిదారుకో వారసులకో తిరిగి అప్పగించొచ్చు. మీరే ఎన్నో పంచనామాలు రాసి ఉంటారు. మామూలు పట్టా భూమికి ఆ దారి లేదు. రిజిస్ట్రేషన్ అయిపోయిందా, ఇక అంతే. నాకు కావాల్సింది ఆ వెనక్కి తెచ్చుకునే దారి. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో ఆరో సెక్షన్ ఏమంటుందంటే, ఇచ్చిన సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలి. తీసుకున్నాక, వేరే చట్టం దాచమంటే తప్ప డేటా చెరిపేయాలి. అమ్మకంలో ఈ మాట ఉండదు. అమ్మినవాడు మర్నాడు వచ్చి మనసు మారిందంటే కొన్నవాడు ఒప్పుకుంటాడా? అమ్ముకునే హక్కు ఇవ్వడమంటే వెనక్కి అడిగే హక్కు తీసేయడమే.

తహసీల్దారు: అదొక్కటీ ఒప్పుకుంటాను. వెనక్కి అడిగే దారి భూమిలో ఎంత విలువైందో నాకు తెలుసు.

న్యాయవాది: ఇంకో సంగతి కూడా ఉంది. ఒకసారి ధర కడితే, గోప్యత కూడా కొనుక్కోవాల్సిన సరుకైపోతుంది. 2023 నవంబరులో ఐరోపాలో మెటా ఒక పద్ధతి పెట్టింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వాడేవాళ్లు నెలకు దాదాపు పది యూరోలు కట్టండి, లేదా మీ డేటాతో ప్రకటనలు చూపించడానికి ఒప్పుకోండి అంది. డబ్బున్నవాళ్లకు గోప్యత, లేనివాళ్లకు నిఘా. అది స్వేచ్ఛగా ఎంచుకునే అవకాశం ఇవ్వడం కాదని 2025 ఏప్రిల్‌లో ఐరోపా కమిషన్ 20 కోట్ల యూరోల జరిమానా వేసింది. అదే పద్ధతి ఇక్కడికొస్తే నెలకు వెయ్యి రూపాయలు కట్టేది ఎవరు, కట్టలేనిది ఎవరు?

తహసీల్దారు: సరే, అమ్మకం పక్కనపెడదాం. నష్టం సంగతి చెప్పు. నీ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చని పేపర్లో చదివాను. ఒక ఆసుపత్రి నిర్లక్ష్యంగా నా రిపోర్టులు బయటపెట్టిందనుకో. ఆ 250 కోట్లలో నాకెంత?

న్యాయవాది: ఏమీ రాదు. మొత్తం భారత సంచిత నిధికి జమవుతుంది.

తహసీల్దారు: అదీ సంగతి. పొలంలో అడ్డంగా పైపులైను వేస్తే పంట నష్టం రైతుకిస్తారా, ఖజానాకిస్తారా? యజమాని అని గుర్తించలేదు కాబట్టే కదా పరిహారం లేదు?

న్యాయవాది: మీ కోపం న్యాయమైందే. నిజానికి సమాచార సాంకేతిక చట్టంలో 43ఎ అనే సెక్షన్ ఉంది. భద్రత విషయంలో నిర్లక్ష్యం చేసి నష్టం కలిగించిన కంపెనీ బాధితులకు పరిహారం కట్టాలని అందులో ఉంది. కొత్త చట్టం దాన్ని ఎత్తేస్తోంది. ఇది పెద్ద లోపం, దీన్ని సరిచేయాల్సిందే. కానీ పరిహారం రావాలంటే ఆస్తి అయి తీరాలని లేదు. పరువు నష్టం దావా వేస్తాం. పరువుకు పట్టా ఉందా? రోడ్డు ప్రమాదంలో కాలు పోతే ట్రిబ్యునల్ పరిహారం ఇస్తుంది. కాలు అమ్ముకునే వస్తువని కాదు కదా? మనిషికి జరిగిన హానికి పరిహారం అడుగుదాం. సరుకు ధర అడగొద్దు.

తహసీల్దారు: మరి ప్రభుత్వం మాటేమిటి? కంపెనీల మీద ఇంత మాట్లాడావు. 2013 భూసేకరణ చట్టం కింద నా అరెకరం తీసుకోవాలంటే ప్రభుత్వం నోటీసివ్వాలి, అభ్యంతరాలు వినాలి, ధర కట్టాలి, దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం కలపాలి. నా డేటా తీసుకోవడానికి? పథకం పేరు చెప్పి తీసుకోవచ్చు, నా సమ్మతి అక్కర్లేదు. దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో తాను నోటిఫై చేసిన సంస్థలకు మొత్తం చట్టం నుంచే మినహాయింపు ఇచ్చుకోవచ్చు. పదిహేడో సెక్షన్ చదివే మాట్లాడుతున్నాను. పట్టా ఉన్న భూమికి ఉన్న రక్షణ పట్టా లేని డేటాకు లేదు. నా వాదనకు ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

న్యాయవాది: పదిహేడో సెక్షన్ గురించి మీరన్నదంతా నిజం. కానీ ఆస్తి అయితే గట్టి రక్షణ వస్తుందన్నది నిజం కాదు బాబాయ్. ఆస్తి హక్కు ఒకప్పుడు ప్రాథమిక హక్కు. 1978 నాటి 44వ సవరణ దాన్ని ఆ జాబితాలోంచి తీసేసి 300ఎ అధికరణంలో పెట్టింది. ఇప్పుడది రాజ్యాంగ హక్కు మాత్రమే. చట్టం చేసి తీసుకోవచ్చు. గోప్యత అలా కాదు. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి, మన ఆంధ్రప్రదేశ్ బీసీ కమిషన్‌కు కూడా అధ్యక్షత వహించిన జస్టిస్ పుట్టస్వామి 2012లో ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. గోప్యత ప్రాథమిక హక్కే కాదని 2015లో కేంద్రం వాదించింది. మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ నేతృత్వంలోని బెంచి ఆ ప్రశ్నను పెద్ద బెంచికి పంపింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని తేల్చారు. ఆ తొమ్మిది మందిలో చలమేశ్వర్ కూడా ఒకరు. దాన్ని తగ్గించాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, అవసరానికి మించకూడదు. ఇంత ఎత్తున ఉన్నదాన్ని ఆస్తి అని పిలిచి 300ఎ దాకా దించడమెందుకు? ఆస్తి అని మనమే ఒప్పుకుంటే, ప్రజాప్రయోజనం పేరుతో సేకరించి చేతిలో ఇంత పెడితే సరిపోతుందని ప్రభుత్వం అనదా?

తహసీల్దారు: ఈ లెక్క నేను ఆలోచించలేదు. అయినా తీర్పులు పుస్తకాల్లో ఉంటాయి. సామాన్యుడికి ఒరిగేదేమిటి?

న్యాయవాది: తెలంగాణలో రేషన్ కార్డుల సంగతి చూడండి. రకరకాల శాఖల రికార్డులు కంప్యూటర్‌లో కలిపి, ఈ కుటుంబానికి కారుంది, ఈ కుటుంబానికి ఆస్తుంది అని తేల్చి లక్షల కార్డులు రద్దు చేశారు. నోటీసు లేదు, ఇంటికొచ్చి చూసినవాళ్లు లేరు. ఒకే పేరు ఇద్దరికుంటే, ఒకరి కారు ఇంకొకరి ఖాతాలో పడితే ఏమిటి గతి? బియ్యం ఆగిపోతాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అలా రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను ఇళ్లకు వెళ్లి మళ్లీ పరిశీలించమని రాష్ట్రాన్ని ఆదేశించింది. ఇప్పుడు ఆలోచించండి. ఆ కుటుంబానికి తన డేటా మీద పట్టా ఉంటే ఏమయ్యేది? డేటా తప్పు, తీసుకున్న నిర్ణయం తప్పు. తప్పుడు డేటాకు యజమాని అయితే లాభమేమిటి? వాళ్లకు కావాల్సింది నా గురించి ఏం రాశారో చూపించు, తప్పుంటే దిద్దు, నా బియ్యం ఎందుకు ఆపావో కారణం చెప్పు అని నిలదీసే హక్కు.

తహసీల్దారు: రికార్డు చూపించమనే హక్కు అంటే నాకు పూర్తిగా సమ్మతం. కానీ ఒక అనుమానం. గోప్యత పేరు చెప్పి అసలు రికార్డులే దాచేస్తారేమో. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ జరిగేటప్పుడు గ్రామసభలో పేరుపేరునా చదివేవాళ్లం, ఎవరికి ఎన్ని రోజుల కూలి పడింది అని. ‘నేను ఆ పనికే పోలేదు, నా పేరున డబ్బెవరు తీశారు’ అని కూలివాళ్లు లేచి అడిగేవాళ్లు. దొంగ మస్టర్లు బయటపడ్డది అలాగే. పేర్లు వ్యక్తిగత సమాచారం, చెప్పం అంటే ఆ దొంగలను పట్టుకునేదెలా?

న్యాయవాది: ఇది మీరు లేవనెత్తిన వాటన్నిటిలోకీ బరువైన ప్రశ్న. దీనికి నా దగ్గర ఎదురువాదన లేదు. కొత్త చట్టంలోని 44(3) సెక్షన్ సమాచార హక్కు చట్టాన్ని సవరించింది. ఇంతకుముందు వ్యక్తిగత సమాచారమైనా సరే, ప్రజా కార్యకలాపంతో సంబంధం ఉంటే, లేదా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని 8(1)(జె)లోనే ఉండేది. ఇప్పుడు ఆ షరతులు తీసేసి, వ్యక్తిగత సమాచారమైతే ఇవ్వక్కర్లేదని ఒక్క ముక్కలో రాశారు. 2025 నవంబరు 14 నుంచి అది అమల్లోకి వచ్చింది కూడా. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే 8(2) ఇంకా మిగిలి ఉంది. కానీ ఇవ్వదలుచుకోని అధికారికి మొదటి మాట చాలు. గోప్యత పౌరుడికి ప్రభుత్వం నుంచి రక్షణ. దాన్ని తిప్పి ప్రభుత్వం పౌరుడి మీదే వాడితే అది హక్కును దొంగిలించడమే.

తహసీల్దారు: మరి ఆ మాట కోర్టులో అను.

న్యాయవాది: అంటున్నాం. అంటూనే ఉండాలి.

తహసీల్దారు: అయితే చివరగా ఒకటి అడుగుతాను. భూమి కొనేముందు ఈసీ తీయిస్తాం. ఆ భూమి ఎవరెవరి చేతులు మారింది, ఎక్కడ తాకట్టు ఉంది అన్నీ అందులో వస్తాయి. నా డేటా ఎవరెవరి చేతుల్లో ఉందో చెప్పే అలాంటి కాగితం ఒకటి నాకు దొరుకుతుందా? అది దొరికితే పట్టా మాట వదిలేస్తాను.

న్యాయవాది: దొరకాలి. పదకొండో సెక్షన్ అదే. నా డేటా ఏముంది, దాంతో ఏం చేస్తున్నారు, ఎవరెవరికి ఇచ్చారు అని మనం సమ్మతి ఇచ్చిన సంస్థను అడగొచ్చు. ఆ పేర్లు ఇవ్వాలి. పన్నెండో సెక్షన్ కింద దిద్దమనొచ్చు, చెరిపేయమనొచ్చు. మన తరవాత ఈ హక్కులు ఎవరు వాడాలో పద్నాలుగో సెక్షన్ కింద నామినీని పెట్టుకోవచ్చు.

తహసీల్దారు: అయితే అమ్మే హక్కు నాకొద్దు. ఆ కాగితం, పరిహారం, ప్రభుత్వానికీ అదే రూలు. ఈ మూడూ ఇప్పించు.

ఈ వాదనలో నేను న్యాయవాది పక్షం. మన గురించిన సమాచారం మనం చేసుకున్న సరుకు కాదు, మన బతుకు వదిలిన జాడ. దాన్ని ఆస్తిగా మార్చిన రోజున ముందుగా అమ్ముకునేది అవసరంలో ఉన్నవాళ్లే, చివరికి పోగేసుకునేది ఉన్నవాళ్లే. అలాగని తహసీల్దారు అడిగిన మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా హక్కు అన్న మాట కాగితం మీదే ఉండిపోతుంది. బాధితుడికి పైసా రాని జరిమానా, ప్రభుత్వాన్ని పట్టని చట్టం, దొంగ మస్టరుకు అడ్డుపెట్టే గోప్యత, ఈ మూడూ మారాలి. మార్చమని మన ఎంపీలను అడగాలి.

చట్టంలో మన హక్కులకు సంబంధించిన ముఖ్య సెక్షన్లు 2027 మే నెల మధ్య నుంచి అమల్లోకి వస్తాయి. అప్పటిదాకా ఆగాల్సిన పనిలేనివి కొన్ని ఉన్నాయి. ఈ రోజే ఫోన్ సెట్టింగుల్లో అనుమతులు తెరిచి, ఏ యాప్ కాంటాక్టులు చూస్తోందో, ఏది మైకు వాడుతోందో చూడండి. అవసరం లేనివి తీసేయండి. మీ ఫోన్‌లో ఉన్నది మీ ఒక్కరి సమాచారం కాదు, మిమ్మల్ని నమ్మి నంబరు ఇచ్చిన ప్రతి మనిషిదీ. బిల్లు కౌంటర్లో నంబరు అడిగితే అక్కర్లేదని చెప్పండి. 2027 తరవాత సమ్మతి అడిగే ప్రతి సంస్థనూ నోటీసు తెలుగులో ఇవ్వమని పట్టుబట్టండి. ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేంట్లోనైనా చదువుకునే వీలు కల్పించాలని చట్టం చెబుతోంది, మన భాష అందులో ఉంది. ‘నా వివరాలు ఎవరెవరికి ఇచ్చారు’ అని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే డేటా పరిరక్షణ బోర్డుకు ఫిర్యాదు చేయండి. మనం అడిగినంత మేరకే ఈ హక్కు బతుకుతుంది.